మరమ్మతు చేసిన కల్వర్టు, ఎదురెక్కే చేప

ఇంజనీరు మిత్రులకు, మత్స్యశాఖ అధికారులకు నమస్కారం.

రోడ్డు కింద తుప్పుపట్టిన ముడతల ఉక్కు గొట్టాన్ని, రోడ్డు తవ్వకుండానే బాగుచేసే పద్ధతి ఒకటుంది, దాన్ని లైనింగు అంటారు: దాని లోపలికి కాస్త చిన్నదైన ప్లాస్టిక్ గొట్టాన్ని దూర్చి, రెండింటి నడుమ ఖాళీని గ్రౌటుతో (పలచని సిమెంటు ముద్దతో) నింపుతారు. ట్రాఫిక్ ఆగదు, లోపలి గోడ నునుపు కాబట్టి, వ్యాసం తగ్గినా పారే నీరు పెద్దగా తగ్గదు. రోడ్డుకు మేలు చేసే ఆ నునుపే చేపకు చేటు. నీటి వేగాన్ని లెక్కగట్టే మానింగ్ సూత్రంలో గరుకుదనపు గుణకం ముడతల ఉక్కుకు సుమారు 0.024, నున్నని ప్లాస్టిక్‌కు సుమారు 0.012, వాలు, నీటి లోతు, గొట్టం కొలత మారవనుకుంటే, గుణకం సగమైనందున వేగం రెట్టింపవుతుంది. పాత ముడతల పక్కన నెమ్మదిగా కదిలే నీటిలో ఆగి ఆగి ఎదురెక్కే చిన్న చేపకు ఆ ఆసరా పోతుంది. పైగా కొత్త గొట్టం మందం మేరకు అడుగు మట్టం లేచి, దిగువ చివర నీరు జారిపడి నేలను కోసేస్తే, చేప ఎగరలేనంత గట్టు తయారవుతుంది.

లోపల అడ్డపలకలు బిగిస్తే లోతు నిలుస్తుంది, వాటి చాటున నీరు నెమ్మదిస్తుంది. దిగువన రాళ్లతో చిన్న కట్టలు వేస్తే మట్టం పెరిగి గట్టు మునుగుతుంది. అయితే పలకలకు చెత్త పట్టుకుంటుంది, వరద దారి కొంత ఇరుకవుతుంది. ఏటా చూసుకునే మనిషి లేకపోతే ఆ ఖర్చు దండగ. న్యూజిలాండ్‌లో ఆల్చిప్పల పెంపకానికి వాడే పీచు తాళ్లను గొట్టాల పొడవునా వేసి, చిన్న చేపలను వాటి వెంట ఎక్కిస్తున్నారు. చవకైన ఉపాయమే, కానీ పెద్ద చేపలకు పనికిరాదు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానిది మరో దారి. 1850ల ఒప్పందాలిచ్చిన చేపల హక్కును కల్వర్టులు దెబ్బతీస్తున్నాయని 21 ఆదివాసీ తెగలు కోర్టుకెక్కగా, సాల్మన్‌కు అడ్డుపడే ప్రభుత్వ కల్వర్టులను సరిచేయాలని 2013లో ఆదేశం వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో అదే నిలిచింది. అక్కడి ప్రామాణిక పద్ధతుల్లో ఒకదాని ప్రకారం, వాగు ఒడ్డులు నిండా పారేటప్పటి వెడల్పుకు 1.2 రెట్లు, ఆపైన మరో 2 అడుగులు వెడల్పు ఉంచి, లోపల వాగు అడుగునే కొనసాగిస్తారు. నా మట్టుకు, వాలు ఎక్కువున్న చోట ఇదే సరైన పని. లైనింగు కేవలం వాయిదా.

తొలకరి వరదకు మన చెరువుల చేపలూ వాగుల్లోకి ఎదురెక్కుతాయి. కల్వర్టుల దగ్గర వలలతో నిలబడేవారికి ఆ సంగతి నేను చెప్పనక్కరలేదు. మన అంచనాల్లో మాత్రం వరద పరిమాణమే ఉంటుంది, చేపలు ఎదురెక్కే రోజుల నాటి నీటి వేగం ఉండదు. ఆ లెక్క టెండరుకు ముందే వేయాలి. మనిషి దూరలేని గొట్టంలో గ్రౌటు గట్టిపడ్డాక పలకలు బిగించడం దాదాపు అసాధ్యం.