ఇంగ్లండ్‌లో ఇంటి వెనక గది వేయాలంటే టేపు ఎక్కడ పెట్టాలి?

నమస్తే అండీ. ఇదిగో వంటగది వెనక గోడ, ఆ తర్వాత పచ్చిక, చివర చెక్క ఫెన్స్. సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండే జంట ఇల్లు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వస్తారు, మెట్లెక్కలేరు, కింద ఒక గది ఉంటే బాగుండు అని మనవాళ్ళు కన్నేసేది ఈ జాగా మీదే. స్థలం మనదే, కానీ 1947 చట్టం తర్వాత ఇక్కడ కట్టుకునే హక్కు స్థలంతో పాటు రాదు. ప్లానింగ్ పర్మిషన్, అంటే కట్టడానికి స్థానిక కౌన్సిల్ ఇచ్చే అనుమతి, తెచ్చుకోవాలి.

చిన్న పనులకు మాత్రం ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ముందే పర్మిషన్ ఇచ్చేసింది. అదే పర్మిటెడ్ డెవలప్‌మెంట్. తెలంగాణలో 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకోవాలి కదా, ఇక్కడ ఆ రూపాయి కూడా అడగరు. కొలత తప్పామా, ఆ పర్మిషన్ మనకు లేనట్టే! (ఈ లెక్కలు ఇంగ్లండ్‌వి. స్కాట్లాండ్, వేల్స్ రూల్స్ వేరు.)

వెనక వైపు ఒక అంతస్తు అయితే సెమీ, టెర్రస్ (వరుసగా అతికి ఉన్న) ఇళ్ళకు వెనక్కి 3 మీటర్ల దాకా, డిటాచ్డ్‌కు (విడిగా ఉన్న ఇంటికి) 4. ఎత్తు 4 మీటర్లు మించకూడదు. సరిహద్దుకు 2 మీటర్ల లోపల కడితే చూరు 3 మీటర్లు దాటకూడదు. షెడ్లతో సహా, ఇంటి చుట్టూ ఉన్న స్థలంలో సగానికి మించి కప్పేయకూడదు.

మరి 3 మీటర్లు ఎక్కడి నుంచి? ఇప్పుడు కనిపిస్తున్న గోడ నుంచి కాదండీ. "అసలు ఇల్లు" నుంచి. అంటే 1948 జులై 1న ఉన్న ఇల్లు, ఆ తర్వాత కట్టిందైతే మొదట కట్టినప్పటి ఇల్లు. పాత ఓనరు 2 మీటర్లు వెనక్కి జరిపి ఉంటే మీకు మిగిలేది 1 మీటరే. దీన్ని కనిపెట్టడానికి మొదట మన గోడకు అతికి ఉన్న జంట ఇంటిని చూడండి, దాని వెనక గోడ ఎక్కడ ఆగిందో. తర్వాత ఇటుకల రంగు ఎక్కడ మారిందో. కౌన్సిల్ వెబ్‌సైట్లో పాత అప్లికేషన్లు ఉంటాయి గానీ దాన్నే నమ్ముకోవద్దు, పర్మిటెడ్ డెవలప్‌మెంట్ కింద కట్టినవి అక్కడ కనిపించకపోవచ్చు.

సెమీకి 6, డిటాచ్డ్‌కు 8 మీటర్ల దాకా కూడా వెళ్ళొచ్చు, కన్జర్వేషన్ ఏరియా (పాత కట్టడాల కోసం కాపాడే ప్రాంతం) కాకపోతే. దానికి ప్రయర్ అప్రూవల్, అంటే పని మొదలెట్టేముందే కౌన్సిల్ నుంచి తీసుకునే ఆమోదం, కావాలి. కౌన్సిల్ పక్కిళ్ళకు ఉత్తరాలు రాసి కనీసం 21 రోజులు ఆగుతుంది, మొత్తం గడువు 42 రోజులు. బిల్డర్ ఖాళీగా ఉన్నాడని ఈలోపే పునాది తవ్వించారనుకోండి, ఆ దారి మూసుకుపోతుంది. ప్రయర్ అప్రూవల్ పని మొదలెట్టాక ఇచ్చేది కాదు. పూర్తి అప్లికేషనే గతి.

ఆ అప్లికేషన్ ఫీజు 2025 ఏప్రిల్‌లో 258 నుంచి 528 పౌండ్లయింది, గడువు 8 వారాలు. పక్కవాళ్ళ అభ్యంతరాల్లో వాళ్ళ కిటికీకి వెలుతురు తగ్గడం, మన కిటికీలోంచి వాళ్ళ ఇల్లు కనిపించడం లెక్కలోకి వస్తాయి. వాళ్ళ ఇంటి ధర తగ్గుతుందన్నది రాదు.

ఫ్లాట్లకు ఈ హక్కులేవీ లేవు. కొత్త ఎస్టేట్లలో కూడా కొన్నిచోట్ల కౌన్సిల్ ఒక కండిషన్‌తో తీసేస్తుంది. అందుకే ఎస్టేట్ తాలూకు డిసిషన్ నోటీసు (కౌన్సిల్ పర్మిషన్ ఇచ్చిన కాగితం) తెరిచి కండిషన్లన్నీ చదవండి. "పక్కాయన కట్టాడుగా" అన్నది పనికిరాని మాట. ఆయనది డిటాచ్డ్ కావచ్చు, లేదా ఎవరూ ఇంకా ఫిర్యాదు చేయలేదేమో. ఎన్‌ఫోర్స్‌మెంట్ గడువు, అంటే పర్మిషన్ లేకుండా కట్టినదాని మీద కౌన్సిల్ చర్య తీసుకోగల గడువు, 2024 ఏప్రిల్ 25 నుంచి 4 ఏళ్ళు కాదు, 10 ఏళ్ళు.

పర్మిషన్ అక్కర్లేదని తేలినా లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్, అంటే ఆ కట్టుబడి చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే కాగితం, తీసుకోవడమే మేలు. ఫీజు సగమే, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ సొలిసిటర్ (లాయరు) అడిగే మొదటి కాగితాల్లో అదొకటి. బిల్డింగ్ కంట్రోల్ (కట్టుబడి సురక్షితంగా ఉందా అని చూసేది) దీనికి సంబంధం లేని వేరే తనిఖీ. పక్కింటి గోడ, పునాదుల గురించిన పార్టీ వాల్ చట్టం కూడా అంతే: పక్కింటికి 3 మీటర్ల లోపల, వాళ్ళ పునాది కంటే లోతుగా తవ్వుతుంటే నెల ముందే నోటీసు చేతికివ్వాలి.