అందరూ మెచ్చిన ఆల్బమ్ మనకు ఎక్కకపోతే

అందరికీ నమస్కారం.

సంగీతం గురించి మాట్లాడమని పిలిస్తే ఎవరైనా తమకు ప్రాణమైన పాటల గురించి చెబుతారు. నేను నాకు ఎక్కని వాటి గురించి చెప్పడానికి వచ్చాను. అవేమీ ఊరూ పేరూ లేని రికార్డులు కావు. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నవి, గొప్ప ఆల్బమ్‌ల జాబితా ఎవరు వేసినా అందులో తప్పకుండా కనిపించేవి. దాపరికం ఎందుకు, ముందే చెప్పేస్తాను. 1967లో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్స్' నాకు పెద్దగా ఎక్కలేదు. 1969లో వచ్చిన అమెరికన్ రాక్ గాయకుడు కెప్టెన్ బీఫ్‌హార్ట్ ఆల్బమ్ 'ట్రౌట్ మాస్క్ రెప్లికా' అయితే అసలే ఎక్కలేదు. లేచి వెళ్లిపోదామనుకున్నవాళ్లు నిరభ్యంతరంగా వెళ్లొచ్చు, తలుపు తీసే ఉంది.

నలుగురిలో ఈ మాట అన్నామంటే వచ్చే జవాబులు ఎప్పుడూ అవే. "నీకు అర్థం కాలేదు." "వినగా వినగా ఎక్కుతుంది." "ఫోన్ స్పీకర్లో వింటే ఏం తెలుస్తుంది?" "అది వచ్చిన కాలంలో పెట్టి చూడాలి." వీటిలో కొన్నిటికి దమ్ముంది, కొన్నిటికి లేదు.

మొదటిదాన్ని త్వరగా దాటేద్దాం. అర్థమైతే నచ్చి తీరాలన్న లెక్క ఎవరు వేశారో నాకు తెలియదు. టాల్‌స్టాయ్ కళ గురించి రాసిన పుస్తకంలో బీతోవెన్ తొమ్మిదో సింఫనీ మంచి కళ కిందికి రాదని తేల్చేశాడు. ఆయన సంగీతం తెలియని మనిషేం కాదు, పియానో వాయించేవాడు. తెలిసే వద్దనుకున్నాడు.

రెండోది, వినగా వినగా ఎక్కుతుందనేది, నిజమే. అదే దానితో చిక్కు. రాబర్ట్ జాయంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో చూపించాడు: అర్థం లేని మాటలైనా, ముక్కూ మొహం తెలియని మనుషుల ఫోటోలైనా, ఎక్కువసార్లు కళ్లబడితే వాటి మీద మనకు ఇష్టం పెరుగుతుంది. మరి దేన్నయినా పదేపదే వింటే ఎంతో కొంత దగ్గరవుతుందంటే, అలా దగ్గరవడం ఆ ఆల్బమ్ గొప్పదనానికి రుజువెలా అవుతుంది? అయితే కథ అక్కడితో ఆగలేదు. 2013లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు ఇలాంటి ప్రయోగమే చిత్రకారులు గీసిన బొమ్మలతో చేశారు. విమర్శకులు చౌకబారు అని తీసిపారేసే అమెరికన్ చిత్రకారుడు థామస్ కింకేడ్ బొమ్మల్ని విద్యార్థులకు మళ్లీ మళ్లీ చూపిస్తే, వాటి మీద ఇష్టం పెరగడానికి బదులు తగ్గింది. కాబట్టి మళ్లీ వినమనే సలహా మరీ కొట్టిపారేయాల్సిందేం కాదు. దాని వల్ల ఇష్టం పెరగొచ్చు, ఉన్నదీ పోవచ్చు. నన్నడిగితే, మళ్లీ వినడం వల్ల అసలు లాభం ఇంకోటి. నచ్చనిది సరిగ్గా ఎక్కడ నచ్చలేదో తెలుస్తుంది.

'ట్రౌట్ మాస్క్ రెప్లికా' సంగతే చూడండి. ఈ ఆల్బమ్ అభిమానులు తరచూ చెప్పేది కార్టూనిస్టు మాట్ గ్రోనింగ్ అనుభవం. మొదటిసారి విన్నప్పుడు ఇంత దరిద్రమైన రికార్డు ఇంకోటి లేదనుకున్నాడట. ఆరో సారికో ఏడో సారికో ఇంత గొప్ప రికార్డు ఇంకోటి లేదనిపించిందట. నేనూ వింటూ పోయాను. ఆయనకు జరిగింది నాకు జరగలేదు. కానీ ఒక విషయం చెవికి పట్టుకుంది. గాయకుడి గొంతు, వాద్యాలు ఒకదానితో ఒకటి కలవవు. లయ తప్పడం లాంటిది కాదది. వాద్యాలు ఓ గదిలో, ఆయన ఇంకో గదిలో ఉన్నట్టు ఉంటుంది.

తర్వాత తెలిసింది, నిజంగానే అలా జరిగిందని. కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనేది డాన్ వాన్ వ్లీట్ అనే ఆయన రికార్డుల కోసం పెట్టుకున్న పేరు. లాస్ ఏంజెలెస్ శివార్లలో ఒక ఇంట్లో తన బృందాన్ని నెలల తరబడి దాదాపు బందీల్లా కూర్చోబెట్టి సాధన చేయించాడు. పియానో వాయించడం ఆయనకు సరిగా రాదు. తోచిన ముక్కలు వాయిస్తుంటే డ్రమ్మర్ జాన్ ఫ్రెంచ్ వాటిని కాగితం మీద పెట్టి, ఎవరి భాగం వాళ్లకు నేర్పేవాడు. అంత సాధన చేశారు కాబట్టే, స్టూడియోలో వాద్యాల భాగం చాలావరకు కొన్ని గంటల్లో అయిపోయింది. పాడే వంతు వచ్చేసరికి వాన్ వ్లీట్ హెడ్‌ఫోన్స్ వద్దన్నాడు. స్టూడియో గది అద్దాల అవతలి నుంచి లీలగా వినిపించే ట్రాక్‌ను పట్టుకుని పాడాడు. దాంతో గొంతు ఓ దారి, వాద్యాలు ఓ దారి. నిర్మాత ఫ్రాంక్ జాప్పా చెప్పి చూశాడు, ఆయన వినలేదు.

నాకు గుచ్చుకునేది సరిగ్గా ఆ దూరమే. నెలల పాటు చెమటోడ్చి ఒక్క స్వరం కూడా పొల్లుపోకుండా నేర్చుకున్న నలుగురి మీద, వాళ్లతో పనిలేనట్టు ఒకడు వచ్చి పాడితే నా ప్రాణం ఒప్పుకోదు. ఇప్పుడు తమాషా వినండి. ఈ ఆల్బమ్‌ను ప్రాణంగా చూసుకునేవాళ్లను అడిగితే వాళ్లూ ఆ చోటే చూపిస్తారు. ఆ దూరంలోనే స్వేచ్ఛ ఉందంటారు. గొంతు తాళానికి కట్టుబడకపోవడమే అందమంటారు. వాళ్లూ నేనూ ఒకే చోట వేలు పెడుతున్నాం. వాళ్ల చెవి ఆగిపోయిందనో, నా బుర్ర పనిచేయడం లేదనో అనుకోనక్కర్లేదు. ఇష్టపడేవాళ్లు చూపించే చోటునే మనమూ చూపించి, ఇదిగో ఇక్కడే నాకు కుదరలేదని చెప్పగలిగితే, ఆ అయిష్టంతో మాట్లాడొచ్చు. అలా చూపించలేని అయిష్టం చాలాసార్లు ఆల్బమ్ మీద ఉండదు, దాని పేరు మీద ఉంటుంది. లేకపోతే దాని అభిమానుల మీద.

దీన్ని తిప్పి నా మీదే ప్రయోగించవచ్చు. రేడియోహెడ్ అనే బ్రిటిష్ బ్యాండ్ 2000లో తెచ్చిన 'కిడ్ ఎ' అంటే నాకు చాలా ఇష్టం. వచ్చినప్పుడు కొందరు నూటికి నూరు మార్కులు వేస్తే, కొందరు ఉతికి ఆరేశారు. నచ్చనివాళ్లు చెప్పేది చాలా సూటిగా ఉంటుంది: మాటలు వినపడవు, గొంతును ముక్కలు చేసి పియానో మెట్లలా వాడారు, పాట కోసం వస్తే పాట లేదు. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ ముక్కలు చేసిన గొంతు కోసమే నేను మళ్లీ మళ్లీ పెట్టుకుంటాను. ఇక వాదించడానికి ఏముంది?

మూడో జవాబు స్పీకర్ల గురించి. ఇది విని నవ్వేవాళ్లు ఉన్నారు కానీ, నాలుగింటిలో బలమైనది ఇదే. 1967 జూన్‌లో లోకమంతా 'సార్జెంట్ పెప్పర్స్'కు హారతులు పడుతుంటే న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అనే కుర్ర విమర్శకుడు చివరి పాట తప్ప మిగతాదంతా హంగామా అని రాశాడు. పాఠకుల ఉత్తరాలు వెల్లువెత్తాయి. తన స్టీరియోలో ఒక స్పీకర్ పాడైపోయి ఉందని ఆయన తర్వాతెప్పుడో చెప్పాడు. ఆల్బమ్ అభిమానులకు ఈ కథ పండగ. కానీ మంచి స్పీకర్లున్న మనం వింటున్నది మాత్రం ఏది? బీటిల్స్ దగ్గరుండి శ్రద్ధగా చేయించుకున్నది మోనో మిక్స్, అంటే ఏ స్పీకర్లోనైనా ఒకే శబ్దం వచ్చేలా కలిపినది. కుడి ఎడమ స్పీకర్లకు శబ్దాల్ని పంచే స్టీరియో మిక్స్ వాళ్లు లేకుండా, త్వరత్వరగా తయారైంది. తర్వాత తరాలు ఎక్కువగా విన్నది మాత్రం ఆ స్టీరియోనే.

తేడా చిన్నదేం కాదు. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' పాట తీసుకోండి. ఇంట్లోంచి వెళ్లిపోయిన అమ్మాయి కథ. బీటిల్స్‌లో ఒక్కరూ ఇందులో వాద్యం ముట్టుకోలేదు, అన్నీ వయొలిన్లు, సెల్లోలు, హార్ప్. స్టీరియోలో ఈ పాట నత్తనడక నడుస్తుంది. మోనోలో టేపు వేగం పెంచారు కాబట్టి శ్రుతి కాస్త పైకి జరిగి పాట చురుగ్గా సాగుతుంది. ఏడుపు తగ్గి కథ మిగులుతుంది. మోనో విన్నాక ఈ పాట మీద నాకు కోపం పోయింది. ఆల్బమ్ మీద అభిప్రాయం మాత్రం మారలేదు, ఎందుకంటే నా పేచీ వేరే చోట ఉంది. ఒక ఊహాజనితమైన బ్యాండ్ కచేరీ ఇస్తున్నట్టు మొదలుపెడతారు. రెండో పాట దాటాక ఆ ఊసే ఉండదు, చివర్లో గుర్తొచ్చినట్టు మళ్లీ ఓసారి తెస్తారు. తన పాటలకూ ఆ ఆలోచనకూ సంబంధం లేదని జాన్ లెనన్ స్వయంగా అన్నాడు. మొత్తం ఆల్బమ్ ఒకే కథ అని దశాబ్దాలుగా పొగిడినవాళ్లు ఆయన మాటైనా వినాలి కదా.

వింటున్నదేమిటో తెలియకుండా ఇష్టపడటం కూడా జరుగుతుంది. జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి వైపు మూడు పాటలూ టేపు యంత్రం లోపం వల్ల అసలు శ్రుతి కన్నా కొంచెం పైన ఉండేవి. 1990లలో గానీ సరిచేయలేదు. మూడు దశాబ్దాలు దాన్ని ప్రేమించినవాళ్ల ప్రేమ తప్పయిపోతుందా? నాకలా అనిపించదు.

నాలుగో జవాబు, కాలం. చరిత్రకు నేను చేతులెత్తి దండం పెడతాను. శబ్దాల్ని నాలుగే వరసల్లో విడివిడిగా రికార్డు చేయగల యంత్రం మీద బీటిల్స్ అంత పని చేయడం చిన్న విషయం కాదు. కానీ ఒక ఆల్బమ్ ఎంతమందికి దారి చూపించిందన్నది చరిత్ర పుస్తకంలో ఉండే సంగతి. ఇవాళ రాత్రి నేను దాన్ని పెట్టుకోవాలా వద్దా అన్నది దాంతో తేలదు. పైగా చరిత్ర కూడా కదులుతూనే ఉంటుంది. రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లో, 2012లో 'సార్జెంట్ పెప్పర్స్' ఒకటో స్థానంలో ఉంది. 2020లో కొత్తగా ఓట్లు వేయిస్తే 24కి దిగింది, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఒకటో స్థానానికి వచ్చింది. రికార్డులో ఒక్క స్వరం మారలేదు. ఓటేసే మనుషులు మారారు.

ఈ మెచ్చుకోళ్లలో నలుగురితో నారాయణ అనేది ఎంత ఉంటుందో కొలిచిన ప్రయోగం ఒకటుంది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పద్నాలుగు వేల పైచిలుకు మందికి, ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించేలా చేశారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. ఒకే పాట ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిచి, ఇంకో గుంపులో నలభయ్యో స్థానానికి పడిపోయింది. అయితే ఎవరి ప్రభావం లేకుండా విన్నవాళ్లు బాగా మెచ్చిన పాటలు ఏ గుంపులోనూ మరీ అడుక్కి వెళ్లడం అరుదు, మెచ్చనివి పైకి రావడమూ అరుదే. తారుమారైనవి ఎక్కువగా మధ్యలోవి.

అందుకే, "ఇదంతా దేవతా వస్త్రాల వ్యవహారం, అందరూ నటిస్తున్నారు" అనేవాళ్లతో నాకు పొసగదు. నాకు కనబడనిది ఎవరికీ కనబడదనడం బద్ధకం. పదిమంది మెచ్చారు కాబట్టి తిట్టాలనుకునేవాడు కూడా ఆ పదిమందినే చూసి నడుస్తున్నాడు, కాకపోతే వెనక్కి.

సరే, మాటలు చాలు. ఇప్పుడు 'ట్రౌట్ మాస్క్ రెప్లికా' నుంచి ఒక నిమిషం పాటు వేస్తాను. నచ్చినవాళ్లు, నచ్చనివాళ్లు ఇద్దరూ ఎక్కడ అన్నది గుర్తు పెట్టుకుని చెప్పండి, కావాలంటే అక్కడికి వెనక్కి తిప్పి మళ్లీ వేస్తాను. 'ఓవర్‌రేటెడ్' అన్న మాట మాత్రం ఈ అరగంట వాడొద్దు. వెనక వరుసలోవాళ్లకు సరిగా వినపడకపోతే ముందుకు రండి, లేకపోతే తప్పంతా స్పీకర్ల మీదికి నెట్టేస్తారు.