డీ3 తలుపు ఎలా వెడల్పైంది?

హోస్ట్: అక్కా, రికార్డింగ్ మొదలైంది. ఈరోజు మాట్లాడేది రెవిట్ గురించి, అదే భవనాల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్. అందులో ఒక ప్రాజెక్టులోవి ఇంకోదానికి ఎలా తీసుకెళ్లాలో చూద్దాం. ముందు మీ తలుపుల సంగతి చెప్పండి.

అతిథి: (నవ్వు) నా పరువుతోనే మొదలుపెడతావన్నమాట! ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాత ప్రాజెక్టులో బాత్రూమ్ లేఅవుట్ ఒకటి బాగా కుదిరింది. రెండు ఫైళ్లూ రెవిట్‌లో తెరిచి, అక్కడ కంట్రోల్ సీ, ఇక్కడ కంట్రోల్ వీ. ఏదో డైలాగ్ వచ్చింది, ఓకే కొట్టేశాను. పాత ఫైల్లో డీ3 అంటే 750 మిల్లీమీటర్ల వెడల్పు తలుపు, కొత్త ఫైల్లో 900. ఫ్యామిలీ అంటే తలుపు నమూనా, టైపు అంటే అందులో ఒక సైజు. రెండు ఫైళ్లలోనూ ఫ్యామిలీ పేరూ టైపు పేరూ ఒకటే కావడంతో కొత్త ఫైల్లో ఉన్న టైపే నిలిచింది. బాత్రూమ్ తలుపులన్నీ వాష్‌బేసిన్‌కి కొట్టుకుంటున్నాయి.

హోస్ట్: ఆ డైలాగ్‌లో అదే రాసి ఉంటుంది కదా?

అతిథి: రాసే ఉంటుంది. ఈ టైపులు ఇక్కడ ముందే ఉన్నాయి, తేడాగా ఉన్నాయి, నువ్వు పేస్ట్ చేస్తున్న ప్రాజెక్టులోవే వాడతానని. అర్ధరాత్రి ఎవరు చదువుతారు?

హోస్ట్: మరి కాపీ చేయకుండా ఎలా తీసుకెళ్లాలి?

అతిథి: తలుపు, కిటికీ, కుర్చీ లాంటివైతే పాత ప్రాజెక్టులోంచి ఆర్‌ఎఫ్‌ఏ ఫైలుగా, అంటే ఆ ఫ్యామిలీ ఒక్కటే ఉండే ఫైలుగా సేవ్ చేసి, కొత్తదాంట్లో లోడ్ చెయ్యి. అదే పేరుతో ముందే ఒకటి ఉంటే ఈసారి అడుగుతుంది. ఓవర్‌రైట్ ఒక్కటే అంటే బొమ్మ మారుతుంది, ప్రాజెక్టులో ఉన్న టైపుల కొలతలు అలాగే ఉంటాయి. పారామీటర్ విలువలతో సహా అంటే కొలతలూ మారిపోతాయి. నేనైతే ముందు ఫ్యామిలీ పేరు మార్చి తెస్తాను, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.

హోస్ట్: గోడలకి ఆర్‌ఎఫ్‌ఏ ఉండదుగా.

అతిథి: ఉండదు. గోడ, ఫ్లోర్, రూఫ్ సిస్టమ్ ఫ్యామిలీలు, అంటే ప్రాజెక్టు ఫైల్లోనే ఉండేవి, విడిగా సేవ్ కావు. వాటిని ఒక ప్రాజెక్టు నుంచి ఇంకోదానికి తేవడానికి మేనేజ్ ట్యాబ్‌లో ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ స్టాండర్డ్స్ ఉంది. ముందు టిక్కులన్నీ తీసేసి, కావాల్సినవే పెట్టు. లేదంటే పక్కింటి సామానంతా మనింట్లో దిగుతుంది.

హోస్ట్: అక్కా, మొన్న నాకో విచిత్రం. తలుపు లోడ్ అయింది, కొలతలు సరిగ్గానే ఉన్నాయి. షెడ్యూల్లో, అదే తలుపుల పట్టికలో, మాత్రం లాక్ కోడ్ గడి ఖాళీ. తలుపుని క్లిక్ చేస్తే ప్రాపర్టీస్‌లో విలువ కనిపిస్తోంది!

అతిథి: షెడ్యూల్ ఫీల్డ్స్‌లో లాక్ కోడ్ రెండుసార్లు కనిపించిందా?

హోస్ట్: అవును! బగ్ అనుకున్నా.

అతిథి: బగ్ కాదు తమ్ముడూ. లాక్ కోడ్ లాంటిది షేర్డ్ పారామీటర్, అంటే వేర్వేరు ఫ్యామిలీలూ ప్రాజెక్టులూ పంచుకునే వివరం. దాన్ని రెవిట్ పేరుతో గుర్తుపట్టదు, జీయూఐడీ అనే పొడవాటి నంబర్‌తో గుర్తుపడుతుంది. ఒకే ఊళ్లో ఇద్దరు శ్రీనివాసులుంటే పోస్ట్‌మ్యాన్‌కి ఇంటి నంబర్ కావాలి కదా, అలా. ఆ తలుపు చేసినవాళ్లు లాక్ కోడ్‌ని, షేర్డ్ పారామీటర్లు దాచుకునే తమ టెక్స్ట్ ఫైల్లో సృష్టించారు, మీ ఆఫీసు తన ఫైల్లో సృష్టించుకుంది. పేరు ఒకటే, నంబర్లు వేరు.

హోస్ట్: మరి దారేంటి?

అతిథి: ఫ్యామిలీ ఎడిటర్‌లో తెరిచి, వాళ్ల పారామీటర్ బదులు మీ ఆఫీసు టెక్స్ట్ ఫైల్లోది పెట్టి, మళ్లీ లోడ్ చెయ్యడమే. విసుగు పనే. టెక్స్ట్ ఫైలు పోయిందని అదే పేరుతో కొత్త పారామీటర్ మాత్రం చెయ్యకు, మూడో శ్రీనివాస్ తయారవుతాడు.

హోస్ట్: (నవ్వు) టైపు కేటలాగ్ కూడా టెక్స్ట్ ఫైలే కదా?

అతిథి: అది వేరే, ఒక ఫ్యామిలీలోని సైజుల జాబితా. ఫ్యామిలీ పేరుతోనే, దాని పక్కనే ఉండాలి. ఆర్‌ఎఫ్‌ఏ ఒక్కటే కాపీ చేస్తే కేటలాగ్‌లోని సైజులు అక్కడే ఉండిపోతాయి.

హోస్ట్: చివరిగా వెర్షన్ల గొడవ.

అతిథి: రెవిట్ 2024లో సేవ్ చేసిన ఫ్యామిలీ రెవిట్ 2022లో తెరుచుకోదు, పాత వెర్షన్‌కి సేవ్ చేసే దారీ లేదు. ఎవరో కొత్త వెర్షన్‌లో తెరిచి ఆఫీసు ఫ్యామిలీల లైబ్రరీలోనే సేవ్ కొడితే, పాత ప్రాజెక్టు మీద పనిచేసేవాళ్ల గతి అంతే. అందుకే మా దగ్గర ఏడాదికో ఫోల్డర్, మాలో ఇద్దరికి తప్ప మిగతావాళ్లకి రీడ్-ఓన్లీ.

హోస్ట్: ఆ ఇద్దరిలో మీరున్నారా?

అతిథి: ఆ డీ3 తర్వాత చాలా ఏళ్లకి ఇచ్చారులే.