ఏడో బ్యాచ్
(ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే సీసాల వైపు చూస్తున్న మిత్రులకు, కుర్చీలు దొరక్క వెనక నిలబడ్డవాళ్లకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను 'బ్రౌన్ ఏల్ నిపుణులు' అని పరిచయం చేశారు. ఆ మాటకి మూడో వరుసలోంచి ఒక నవ్వు వినిపించింది. అది మా ఆవిడ. నవ్వే హక్కు ఆవిడకుంది. మా స్టవ్ మీద వోర్ట్, అంటే ఇంకా పులియని మాల్ట్ రసం, ఎన్నిసార్లు పొంగిందో ఆవిడకి తెలుసు. ఆ జిగురు మరకలు రుద్దింది మాత్రం నేనే, అది కూడా మినిట్స్‌లో రాసుకోండి.

నాకిచ్చింది 20 నిమిషాలు. నా ముందు మాట్లాడిన మిత్రుడు ఈస్ట్ మీది ప్రేమతో అందులో ఎనిమిది నిమిషాలు తాగేశారు. కాబట్టి ధన్యవాదాలు చివర్లో చెప్తాను. మర్చిపోతే చెప్పాననే అనుకోండి.

ఆహ్వానంలో నా అంశం 'బ్రౌన్ ఏల్ రెసిపీ తయారుచేసుకోవడం ఎలా' అని వేశారు. రాసుకొచ్చాను, నాలుగు పేజీలు. మాల్ట్‌కి, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీకి, ఒక పేజీ, చేదునిచ్చే హాప్స్ పూలకి ఒకటి, ఈస్ట్‌కి ఒకటి, నీళ్లకి ఒకటి. కానీ నిన్న రాత్రి ఈ సీసాల మీద నంబర్లు రాస్తుంటే నా ఏడో బ్యాచ్ గుర్తొచ్చింది. అది గుర్తొస్తే నాకు ఇక వేరే మాట రాదు. అయినా ఒప్పుకున్న అంశం కాబట్టి ముందు కాస్త పద్ధతిగా మొదలుపెడతాను.

బ్రౌన్ ఏల్ అంటే ఏమిటి? ఇంగ్లండ్ బీరు. రంగు రాగికీ ముదురు గోధుమరంగుకీ మధ్య. చేదు తక్కువ. నాలుక మీద ముందు మాల్ట్ తగలాలి: వేయించిన రొట్టె అంచు, కారామెల్, కొంచెం చాక్లెట్. పోటీల్లో వాడే బీజేసీపీ (బీరు జడ్జిలకు శిక్షణ, గుర్తింపు ఇచ్చే సంస్థ) లెక్కల ప్రకారం బ్రిటిష్ బ్రౌన్ ఏల్ మొదటి గ్రావిటీ, అంటే పులియకముందు సాంద్రత (నీళ్లది 1.000), 1.040 నుంచి 1.052, చేదు 20 నుంచి 30 ఐబీయూ (చేదు కొలత). అమెరికన్ బ్రౌన్ ఏల్ ఇంకొంచెం ముదురు, ఇంకొంచెం బలం. నేను ఇంగ్లండ్ పక్షం. అమెరికన్ పక్షం వాళ్లు విరామంలో నాతో గొడవపడొచ్చు.

'నట్ బ్రౌన్' అని పేరుంది కదా అని ఇందులో నట్స్ వెయ్యరు. ఈ మాట ప్రతి ఏడూ చెప్పాల్సొస్తోంది. ఆ రుచి ఓ మోస్తరుగా వేయించిన మాల్ట్ వల్ల వస్తుంది. నిజంగా నట్స్ వేస్తే వాటి నూనె నురగని చంపేస్తుంది. ఒక పోటీలో జడ్జిగారు నా షీట్ మీద 'నట్స్ ఎక్కడ?' అని రాశారు. పోటీ పేరు చెప్పను. ఆ షీట్ ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీదుంది.

సరే, మాల్ట్. నా మొదటి రెసిపీలో తొమ్మిది రకాల మాల్ట్ ఉంది. అవును, తొమ్మిది. దుకాణంలో ఏ డబ్బా మూత తీసి వాసన చూసినా బాగుందనిపించింది, అన్నీ పట్టుకొచ్చాను. 20 లీటర్లకి చాక్లెట్ మాల్ట్ (చాక్లెట్ కలిపింది కాదు, బాగా ముదురుగా వేయించింది) ఒక్కటే 400 గ్రాములు. మా బావమరిది ఒక గుక్క తాగి, గ్లాసు కిందపెట్టి, "బావా, పొయ్యి ఆర్పడానికి వాడిన నీళ్లా ఇవి?" అన్నాడు. బాధపడ్డాను కానీ ఈ ఊళ్లో నా బీరు గురించి నిజం చెప్పింది అతనొక్కడే. మిగిలినవాళ్లంతా 'బాగుంది' అన్నారు. ఈ 'బాగుంది' అనే మాట సంగతి తర్వాత చెప్తాను.

రెండో బ్యాచ్ నుంచి తీసేయడం మొదలుపెట్టాను. ఏడో బ్యాచ్‌కి నాలుగు మిగిలాయి. పెన్నులు తీస్తున్నారు, చెప్తాను రాసుకోండి. 20 లీటర్లకి మారిస్ ఆటర్ రకం బార్లీతో చేసిన పేల్ (లేతరంగు) మాల్ట్ 3.7 కిలోలు, మధ్యరకం క్రిస్టల్ మాల్ట్ 300 గ్రాములు, బ్రౌన్ మాల్ట్ 200, చాక్లెట్ మాల్ట్ 150. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ (ఇక్కడ ఈస్ట్ అంటే తూర్పు) హాప్స్ 40 గ్రాములు, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 5 శాతం ఉన్నవి, 60 నిమిషాల మరుగుకి. చేదు 24 ఐబీయూ దగ్గర పడుతుంది. చివర్లో హాప్స్ వెయ్యను. ఇంగ్లిష్ ఏల్ ఈస్ట్, 18, 19 డిగ్రీల దగ్గర. గ్రావిటీ 1.047, 1.048 వస్తుంది. రాసుకున్నారా? ఇప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకోండి. అది రెసిపీ కాదు.

అదే నేను చెప్పొచ్చింది. అది సరుకుల చిట్టా.

ఏడో బ్యాచ్ సీసాల్లో పోసి మూడు వారాలు ఆగి ఒకటి తీశాను. గ్లాసులో పోస్తుంటేనే తెలిసింది. నురగ గోధుమరంగులో, సన్నగా, గ్లాసు అంచుని పట్టుకుని దిగుతోంది. మొదటి గుక్కలో రొట్టె అంచు, తర్వాత కారామెల్, మింగాక చాలాసేపటికి చాక్లెట్. అన్నిటికంటే, నోట్లో ఒక నిండుతనం. తీపి కాదు. పల్చటి మజ్జిగకీ చిక్కటి మజ్జిగకీ ఉన్న తేడా లాంటిది. మా బావమరిది ఏమీ అనలేదు. రెండో సీసా మూత తనే తీశాడు.

ఆ 40 సీసాలు నెలన్నరలో అయిపోయాయి. ఎనిమిదో బ్యాచ్ అదే చిట్టాతో కాచాను. రంగు అదే, వాసన అదే, నోట్లో మాత్రం ఏదో పోయింది. పల్చగా ఉంది. మాల్ట్ కొత్త బస్తా కదా, అందుకే అనుకున్నాను. తొమ్మిదో బ్యాచ్‌లో క్రిస్టల్ పెంచాను, తీపి వచ్చింది గానీ నిండుతనం రాలేదు. పదిలో ఓట్స్ వేశాను. పదకొండులో ఈస్ట్ మార్చాను. పన్నెండులో నీళ్ల మీద పడ్డాను. ముదురు మాల్ట్ మాష్‌ని, అంటే వేడినీళ్లలో నానేసిన మాల్ట్‌ని, పుల్లబరుస్తుంది కదా, దాని పులుపు కొలత పీహెచ్ 5.2కీ 5.6కీ మధ్య ఉండాలి కదా అని పొద్దున్నే కాగితాలు ముంచుకుంటూ కూర్చున్నాను. పీహెచ్ బంగారంలా ఉంది. బీరు మాత్రం పల్చనే. పదమూడో బ్యాచ్‌కి మాట్లాడటం మానేశాను. ఇంట్లో అడిగితే చెప్తారు.

ఇక్కడ కాస్త చరిత్రలోకి వెళ్తాను, తిట్టుకోకండి, సంబంధం ఉంది.

పూర్వం ఇంగ్లండ్‌లో బ్రౌన్ బీరంటే బ్రౌన్ మాల్ట్‌తోనే కాచేవాళ్లు. అది చవక అనుకునేవాళ్లు. 18వ శతాబ్దం చివర్లో బ్రూవర్ల చేతికి హైడ్రోమీటర్, అంటే రసం సాంద్రత కొలిచే పరికరం, వచ్చింది. ముంచి చూస్తే, పేల్ మాల్ట్‌తో పోలిస్తే బ్రౌన్ మాల్ట్ నుంచి దిగే చక్కెర తక్కువని తేలింది. కొన్నది చవకే, దిగుబడి లెక్కేస్తే ఖరీదు. మెల్లగా అందరూ పేల్ మాల్ట్‌కి మారారు. మరి రంగెలా? 1817లో డేనియల్ వీలర్ డ్రమ్ములో మాల్ట్‌ని నల్లగా వేయించే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ నల్ల మాల్ట్ కొంచెం వేస్తే చాలు, రంగు వచ్చేస్తుంది. చూశారా, ఒక చిన్న పరికరం వచ్చి దేశంలో బీరు రుచినే మార్చేసింది. మనమేమో చేతిలో ఉన్న పరికరాన్ని పట్టించుకోకుండా మాల్ట్‌ని తిడుతూ కూర్చుంటాం.

థర్మామీటర్ కూడా అంతే. లండన్ బ్రూవర్ మైఖేల్ కాంబ్రూన్ 1762లో అచ్చయిన తన పుస్తకంలో థర్మామీటర్ వాడమని చెప్పాడు. అంతకుముందు చెయ్యి పెట్టి చూడటం, ఆవిరి తగ్గి నీళ్లలో మొహం కనపడితే సరిపోయిందనుకోవడం. నవ్వకండి. నా ఏడో బ్యాచ్ కంటే వాళ్ల పద్ధతే నయం, మొహం అబద్ధం చెప్పదు.

న్యూకాసిల్ బ్రౌన్ ఏల్ సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జిమ్ పోర్టర్ మూడేళ్లు కష్టపడి తయారుచేస్తే 1927లో బయటికొచ్చింది. మూడేళ్లు! మనం మూడో బ్యాచ్‌కే లేబుల్ డిజైన్ చేయించుకుంటున్నాం. యూరప్‌లో దానికి న్యూకాసిల్ ఊరి పేరుతో 2000లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. తర్వాత కంపెనీయే బ్రూవరీని టైన్ నది దాటించి గేట్స్‌హెడ్ వైపు మార్చింది. ఊరి బయట కాస్తే ఆ గుర్తింపు చెల్లదు కాబట్టి వాళ్లే అడిగి 2007లో రద్దు చేయించుకున్నారు. నది దాటితే గుర్తింపే పోయింది. థర్మామీటర్ మారితే నా బీరు పోవడంలో వింతేముంది?

అయ్యో, ముందే చెప్పేశాను. సరే.

మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు. రెండు థర్మామీటర్లు కావాలంది. ఒకటి నేను వాడే డిజిటల్‌ది. రెండోది సొరుగులో పడున్న పాతది, డయల్ ఉన్నది. అద్దం లోపల చెమ్మ పట్టి ముల్లు సరిగ్గా కనపడట్లేదని ఏడో బ్యాచ్ అయ్యాక పక్కన పడేశాను. ఐస్ ముక్కలు చితక్కొట్టి, నీళ్లు పోసి, రెండూ ముంచింది. కాసేపటికి వచ్చి, "నాన్నా, ఇది అబద్ధం చెప్తోంది" అంది. డిజిటల్‌ది సున్నా. పాతది మైనస్ 3.

అక్కడే నిలబడిపోయాను. మరిగే నీళ్లలో పెట్టాను. కొత్తది 100, పాతది 97. అంటే ఏడో బ్యాచ్ మాష్ 66 డిగ్రీల దగ్గర చేశానని పుస్తకంలో రాసుకున్న రోజు, నిజానికి అది 69.

కొత్తవాళ్ల కోసం చెప్తాను. మాష్‌లో పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు ముఖ్యంగా రెండు. బీటా అమైలేజ్ 60, 65 డిగ్రీల దగ్గర హుషారు. అది చేసే చక్కెరని ఈస్ట్ ఇష్టంగా తినేస్తుంది, బీరు పల్చబడుతుంది. ఆల్ఫా అమైలేజ్ 70 దగ్గర హుషారు. ఆ వేడికి బీటా త్వరగా చచ్చిపోతుంది కాబట్టి ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్లు అనే చక్కెర గొలుసులు ఎక్కువ మిగులుతాయి. నేను ఆరు బ్యాచ్‌ల పాటు దుకాణాల చుట్టూ తిరిగి వెతికిన నిండుతనం ఆ మూడు డిగ్రీల్లో ఉంది.

ఇంకా సిగ్గుపడాల్సింది వినండి. నా పుస్తకంలో ఆధారం ముందునుంచీ ఉంది. ఏడో బ్యాచ్ చివరి గ్రావిటీ, అంటే పులిశాక మిగిలిన సాంద్రత, 1.015. ఎనిమిదోది 1.010. నా చేత్తోనే రాశాను, ఎదురెదురు పేజీల్లో. రాశాను గానీ చదవలేదు. మాల్ట్ పేర్ల కింద మాత్రం ఎర్ర ఇంకుతో గీతలు గీసుకున్నాను.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. ఈ ఏడాదిలో తమ థర్మామీటర్‌ని ఒక్కసారైనా పరీక్షించి చూసుకున్నవాళ్లు చేతులెత్తండి. నాలుగు. అయిదో చెయ్యి సగమే లేచింది, దాన్ని లెక్కలోకి తీసుకోను. ఎంతమందిమి ఉన్నాం ఇక్కడ? ఇంటికెళ్లగానే ఐస్ నీళ్లలో పెట్టి చూడండి. మరిగే నీళ్లలో కూడా చూడండి గానీ, ఎత్తు ప్రదేశాల్లో ఉండేవాళ్లకి నీళ్లు 100 కంటే ముందే మరుగుతాయి, ఆ లెక్క వేసుకోండి. హైడ్రోమీటర్‌ని కూడా వదలకండి. దాని మీద 20 డిగ్రీలని రాసుంటే 20 డిగ్రీల మంచినీళ్లలో 1.000 చూపించాలి. తేడా ఉంటే పారేయక్కర్లేదు, తేడా ఎంతో దాని డబ్బా మీద రాసుకోండి.

పద్నాలుగో బ్యాచ్‌కి పాత చిట్టా యథాతథంగా తీసుకున్నాను. ఓట్స్ లేవు, అదనపు క్రిస్టల్ లేదు. కొత్త థర్మామీటర్‌తో 69. చివరి గ్రావిటీ 1.014. రుచి వచ్చిందా అంటే... వచ్చిందనే అనుకుంటున్నాను. ఏడో బ్యాచ్ సీసా ఒక్కటి కూడా మిగల్లేదు, పక్కన పెట్టుకుని పోల్చడానికి. ప్రతి బ్యాచ్‌లో రెండు సీసాలు దాచమని నాకెవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్నాను. మా బావమరిది అదే అంటాడు, కానీ ఇప్పుడు అతనూ మర్యాదస్తుడైపోయాడు, నమ్మలేను.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. హాప్స్ పేజీ, నీళ్ల పేజీ చదవడం లేదు. సీసాల్లో వేసే చక్కెర ఒక్కటి చెప్పి ముగిస్తాను: 20 లీటర్లకి 90 గ్రాములు చాలు, బ్రౌన్ ఏల్‌కి గ్యాస్ ఎక్కువ అక్కర్లేదు. చివరి గ్రావిటీ రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే సీసాల్లో పొయ్యండి, లేకపోతే పేలతాయి.

వెనక బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. రెండిట్లో ఒకటే చిట్టా, ఒకటే ఈస్ట్, ఒకే వారం కాచినవి. ఒకటి 66 దగ్గర మాష్ చేసింది, ఒకటి 69. మూతల మీద చుక్కలున్నాయి, ఎర్రచుక్క ఏదో నీలిచుక్క ఏదో మా అమ్మాయికి మాత్రమే తెలుసు, నాకూ చెప్పలేదు. బండి నడిపేవాళ్లు వాసన చూసి రాయండి, అదీ పనికొస్తుంది. గ్లాసు పక్కన చీటీలు, పెన్సిళ్లు ఉన్నాయి. దయచేసి 'బాగుంది' అని రాయకండి. ఏది పల్చగా ఉంది, మింగాక నోట్లో ఏం మిగిలింది, రెండో గ్లాసు ఏ చుక్కది పోసుకున్నారు, అది రాయండి. నచ్చకపోతే అదీ రాయండి. చీటీల మీద పేర్లు వద్దు.

తాగిన గ్లాసులు కడిగే బల్ల మీదే పెట్టండి, కిటికీలో కాదు. పోయినసారి మూడు పగిలాయి.