ఒంటరిగా గుట్టెక్కే ముందు: మీ స్వభావం ఎక్కడ దెబ్బతీస్తుంది?

[తెరపై: రాచకొండ గుట్టలు, పొద్దున ఏడు గంటలు. బండల మధ్య సన్నటి కాలిబాట.]

వాయిస్: 1992 ఏప్రిల్ చివర్లో క్రిస్ మెక్‌కాండ్‌లెస్ అనే 24 ఏళ్ల అమెరికన్ యువకుడు అలాస్కా అడవిలోకి ఒక్కడే వెళ్లాడు. వెంట తీసుకెళ్లింది నాలుగున్నర కిలోల బియ్యం, ఒక చిన్న తుపాకీ. పోయేటప్పుడు టెక్లానికా నదిని నడిచే దాటాడు. జులైలో తిరిగొద్దామని వచ్చేసరికి మంచు కరిగి నది ఉరకలేస్తోంది. కొంచెం దిగువన నది దాటడానికి తీగ మీద నడిచే తొట్టె ఉంది. సరైన మ్యాపు లేక ఆ సంగతి అతనికి తెలియలేదు. ఆగస్టులో ఆకలితో చనిపోయాడు.

అతనిది ఏ పర్సనాలిటీ టైపో INFP లాంటి నాలుగు అక్షరాల్లో తేల్చాలని చూసేవాళ్లు చాలామంది. దాంతో మనకు పెద్దగా పనిలేదు. అడవిలోకి ఎందుకు పోతామన్న దానికన్నా, పోయాక ఏ తప్పు చేస్తామన్నది మన స్వభావాన్ని బట్టి ముందే పసిగట్టొచ్చు.

[తెరపై: ఒక గీత, మధ్యలో గుంపుగా చుక్కలు.]

ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ (తనలో తాను ఉండేవాళ్లు, నలుగురిలో కలిసేవాళ్లు) అనే విభజనను 1921లో మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ ప్రచారంలోకి తెచ్చాడు. దాని ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ ఆ నాలుగక్షరాల పరీక్ష (MBTI) తయారుచేశారు. తిరకాసు ఎక్కడంటే, జనంలో ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. పరీక్షేమో మధ్యలో గీత కొట్టి అటో ఇటో నెట్టేస్తుంది. కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోతుంది. సరదాకైతే సరే.

పరిశోధకులు ఎక్కువగా వాడేది 'బిగ్ ఫైవ్': కొత్తదనం మీద మోజు, పద్ధతి (అనుకున్న పని అనుకున్నట్టే చేయడం), కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, ఆందోళన. ఇందులో టైపులుండవు, ప్రతి గుణం ఎక్కువా తక్కువా అన్న కొలతే.

ఇంట్రోవర్టులకే ఏకాంతం పడుతుందనుకుంటాం. తన ఇష్టంతో ఏకాంతాన్ని కోరుకోవడానికి అంతర్ముఖత్వం కన్నా, సొంత నిర్ణయాలతో బతికే అలవాటే ఎక్కువ కారణమని ఈమధ్య పరిశోధనల్లో తేలింది. కాబట్టి నలుగురిలో గలగల మాట్లాడేవాళ్లు కూడా నిశ్చింతగా ఒంటరిగా వెళ్లొచ్చు.

[తెరపై: బండ మీద నీళ్ల సీసా, పక్కన సెల్‌ఫోన్, సిగ్నల్ లేదు.]

ఇక తప్పుల దగ్గరికొద్దాం. కొత్తదనం మీద మోజు ఎక్కువ, పద్ధతి తక్కువ ఉన్నవాళ్లు దారి వదిలేసి 'ఆ బండ వెనకేముందో' అని పోతారు. మన గుట్టల్లో ఆ నాలుగడుగులే ప్రమాదం. బండలన్నీ ఒకేలా ఉంటాయి, వెనక్కి తిరిగితే వచ్చిన దారి గుర్తుపట్టలేం. వీళ్లు ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి ఒక ఫోటో తీయాలి. తిరుగు ప్రయాణంలో కళ్లకు కనబడేది ఆ వైపే.

పద్ధతి మరీ ఎక్కువైనవాళ్ల తంటా ఇంకోటి. శిఖరం చేరాలని రాసుకున్నారు కాబట్టి ఎండ ముదిరినా దిగరు. వీళ్లకు నీళ్ల లెక్క పెట్టాలి: మూడు లీటర్లు పట్టుకెళ్తే, ఒక లీటరు అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి. దిగేటప్పటికి బండ కాగి ఉంటుంది, అప్పుడే ఎక్కువ దాహమేస్తుంది. మార్చి దాటాక ఈ గుట్టలెక్కకపోవడమే మేలు.

తొందరగా విసుగెత్తే గుణాన్ని మనస్తత్వవేత్త మార్విన్ జుకర్‌మన్ తన కొలతల్లో సాహసం మీద మోజు నుంచి వేరు చేశాడు. ఆ తేడా బయట బాగా తెలుస్తుంది. విసుగెత్తినవాడు ఊరికే కూర్చోలేక కోట గోడ ఎక్కుతాడు, తేనెపట్టు మీద రాయి విసురుతాడు. కొండ తేనెటీగలు మీదపడితే ఒంటరి మనిషికి దిక్కుండదు. ఇలాంటివాళ్లు చేతికి పని పెట్టుకోవాలి. పక్షుల పేర్లు రాసుకున్నా చాలు.

ఆందోళన ఎక్కువున్నవాళ్లు రాత్రి బసతో మొదలుపెట్టొద్దు. మొదట ఊరి చెరువు కట్ట మీద ఫోన్ ఆపేసి అరగంట, తర్వాత దేవరకొండ కోటలోనో కోయిలకొండలోనో మూడు గంటలు. గుండె దడదడలాడితే దిగిపోవడమే, అందులో నామోషీ ఏం లేదు.

మాట తక్కువవాళ్లది చిన్న తప్పే, కానీ ప్రాణాల మీదికి తెస్తుంది. ఎవరికీ చెప్పకుండా పోతారు. కాలు బెణికితే వెతకడానికి ఎవరికీ చోటు తెలియదు.

[తెరపై: మన్ననూరు చెక్‌పోస్ట్.]

నల్లమలలో ఒంటరిగా గుడారం వేద్దామన్న ఆలోచన మానుకోండి. తెలంగాణ వైపు అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అనుమతి లేకుండా లోపలికి పోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు వదులుతారు గానీ, అంత జనంలో ఏకాంతం మాటెక్కడిది! అటవీశాఖ నడిపే సఫారీ, బసలే దారి.

[తెరపై: ఫోన్‌లో టైప్ చేస్తున్న మెసేజ్, దగ్గరగా.]

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేని చోట మిమ్మల్ని కాపాడేది ముందే పంపిన మెసేజే. ఇంట్లోవాళ్లకో సోపతికో బయల్దేరే ముందే ఇలా పెట్టండి: "రాచకొండ కోటకు పోతున్న. బండి గుట్ట కింద పెడుత. నీలం చొక్కా. ఐదింటికి ఫోన్ చేస్త. ఆరున్నర దాకా చేయకుంటే 112కి చెప్పు."