సెల్లార్లో దయ్యం, పై అంతస్తులో ఉప్పు

[తెర: నలుపు. ఇనుప షట్టర్ కిందికి దిగుతున్న చప్పుడు. ఆ వెంటే నీళ్ళ చప్పుడు.]

టీవీ సీరియల్ రాస్తున్నాం, అందులో ఒక దయ్యం ఉంది. దాన్ని చంపినవాళ్ళు ముగ్గురు. ఒక్కొక్కడి మీద పగ తీర్చుకోవడానికి రెండేసి నెలలు ఇచ్చామనుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా వారానికి 6 ఎపిసోడ్లు, ఆరు నెలలకి 156. మూడోవాడు పోయాక దయ్యానికి పని లేదు. ఛానల్‌కి మాత్రం ఇంకో 400 ఎపిసోడ్లు కావాలి.

అక్కణ్ణుంచి మొదలవుతుంది అసలు చేతబడి. నాలుగో శత్రువు వస్తాడు, అమావాస్యకో మంత్రగాడు దిగుతాడు, ఆఖరికి దయ్యానికే కవల చెల్లెలు పుట్టుకొస్తుంది. చూసేవాళ్ళేం అమాయకులు కాదు. కూర తరుగుతూ చూసినా కథ ఎక్కడ చచ్చిపోయిందో కనిపెట్టేస్తారు.

పగ తీరితే కథ అయిపోతుంది, తీరకపోతే విసుగొస్తుంది. దాన్ని మధ్యలో పట్టి ఆపాలంటే దయ్యానికీ, దయ్యం చంపాలనుకున్నవాడికీ, ఇద్దరికీ బాకీ పడ్డ మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని ఎలా తయారుచేయాలో ఒక కథ మీద పెట్టి చూద్దాం.

[తెర: నల్లబల్ల మీద చాక్‌పీస్‌తో అపార్ట్‌మెంట్ బొమ్మ. కింద సెల్లార్, పక్కన నాలా.]

2000 ఆగస్టు 24. హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కొట్టిన రోజు. నాలా పక్కన ఒక అపార్ట్‌మెంట్. సెల్లార్లో వాచ్‌మన్ కుటుంబం, పాలమూరు నుంచి పనికోసం వచ్చినవాళ్ళు. అదే సెల్లార్లో యజమాని బట్టల గోడౌన్. నీళ్ళు లోపలికి రాకుండా ఆయన షట్టర్ దించేశాడు. లోపల వాచ్‌మన్ భార్య ఉంది. పదినెలల పిల్ల ఆ సమయానికి సెల్లార్ బయట ఉంది. తల్లి పోయింది, తండ్రి ఊరొదిలి వెళ్ళిపోయాడు, పిల్లని యజమానే పెంచాడు. ఇప్పుడా పిల్లకి పాతికేళ్ళు. సెల్లార్లో తిరుగుతున్నది ఆమె తల్లి.

మూసీ వరద పెట్టొచ్చు కదా అని అడుగుతారు. 1908 సెప్టెంబరు 28, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో 150 మందిని కాపాడిన చింతచెట్టు, పాత దేవిడీలు... తెర మీద ఎంత బాగుంటుందో! బాగానే ఉంటుంది, కానీ తలుపు వేసినవాడు ఎప్పుడో పోయుంటాడు. దయ్యం వచ్చి మునిమనవడి గొంతు పట్టుకుంటే వాడు ఏం చెప్పాలి? వాడు చేసిందేమీ లేదు. చేయని తప్పుకి పశ్చాత్తాపం పుట్టదు, మహా అయితే జాలి పుడుతుంది. పునర్జన్మ సీరియళ్ళు సగం ఇక్కడే జారిపడతాయి. తప్పు చేసిన చెయ్యి ఇంకా అన్నం కలుపుకుంటూ ఉండాలి, అదీ మనమ్మాయి ఎదుటి కంచంలో. అందుకే 2000.

[తెర: బాకీ పట్టిక. రెండు గడులు. ఒకదానిలో "ఉప్పు", ఇంకోదానిలో "పాలు".]

సీన్లు రాయకముందు బాకీల పట్టిక రాయండి. ప్రతి పాత్రకీ నాలుగు ప్రశ్నలు: ఎవరికి బాకీ, దేనికి బాకీ, ఆ సంగతి ఎవరికి తెలుసు, తీరిస్తే ఏం పోతుంది. మనమ్మాయికి ఒకవైపు పాతికేళ్ళు తిన్న ఉప్పు, ఇంకోవైపు పదినెలలు తాగిన పాలు. దయ్యం మొదటిసారి మాట్లాడినప్పుడు ఈ ఒక్క డైలాగు చాలు:

"ఆయన పెట్టిన బువ్వ తిన్నవ్ బిడ్డా. నేనిచ్చిన పాలు గూడ తాగినవ్ గదా."

రెండు గడుల బరువూ సమానంగా ఉండాలి. యజమానిని పరమ దుర్మార్గుడిగా రాసిన క్షణం తూకం పోతుంది. ఆ అమ్మాయి ఇంకా ఎందుకు ఆలోచిస్తోందో ఎవరికీ అర్థం కాదు. ఆయన నిజంగా మంచి తండ్రి అయ్యుండాలి. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నవాడు, స్కూటర్ నేర్పినవాడు. ఆ పెంపకమే ఆయన దాచుకున్న నేరానికి సాక్ష్యం. ఆ సంగతి అమ్మాయికి తెలిసిన రోజున పాతికేళ్ళ ప్రేమని మొదట్నుంచీ లెక్క వేసుకోవాలి. ఏది ప్రేమ, ఏది భయం? ఈ ఒక్క అనుమానం మీద వంద ఎపిసోడ్లు నడుస్తాయి, ఒక్క మంత్రగాడి అవసరం లేకుండా.

వరసల దగ్గర జాగ్రత్త. అమ్మాయి చేత ఆయన్ని "పెదనాన్నా" అని పిలిపిస్తే ఆయన కొడుకు అన్న అవుతాడు, ప్రేమ ట్రాక్‌కి దారి మూసుకుపోతుంది. ట్రాక్ కావాలంటే మొదటి సీన్ నుంచే "మామయ్యా" అనిపించాలి. 60వ ఎపిసోడ్‌లో వరస మారిస్తే ఇంటింటా తిడతారు. ఈ కథకి పెదనాన్నే నయం. కొడుకుతో పెళ్ళయితే ముడి కాస్తా వదులైపోతుంది.

భాష కూడా పట్టికలోదే. తల్లిది పాలమూరు మాట, పై అంతస్తులో పెరిగిన పిల్లది టీవీ తెలుగు. "అవ్వా" (పాలమూరులో అమ్మని పిలిచే మాట) అన్న పిలుపు ఆమె నోట ఎప్పుడొస్తుందో ముందే రాసుకోండి. 150కి ముందు వస్తే వృథా.

[తెర: భారతం పుస్తకం అట్ట. పేజీలు తిరుగుతాయి.]

ఇదేమీ కొత్త విద్య కాదు. నన్నయ భారతం తెరవగానే ఆదిపర్వంలో ఉన్నది పాముల పగే. పరీక్షిత్తు మౌనంగా కూర్చున్న శమీకుడి మెడలో చచ్చిన పాముని వేశాడు. కొడుకు శృంగి ఏడు రోజుల్లో తక్షకుడి విషానికి పోతావని శపించాడు. చూడండి, తర్వాత పశ్చాత్తాపపడ్డది ఇద్దరు: రాజూ, శాపం పెట్టినవాడి తండ్రీ. శమీకుడు శాపాన్ని వెనక్కి తీయలేడు. అందుకని శిష్యుణ్ణి పంపి రాజుకి కబురు చెప్పించాడు. ఏడ్చి ఊరుకోలేదు, తను చేయగలిగింది చేశాడు. అయినా రాజు దక్కలేదు. ఆ తర్వాత కొడుకు జనమేజయుడు సర్పయాగం మొదలుపెట్టాడు, పాములన్నీ వరసబెట్టి గుండంలో పడుతున్నాయి. దాన్ని ఆపింది ఎవరు? ఆస్తీకుడు. తల్లి నాగకన్య, తండ్రి ముని. రెండు పక్షాల రక్తమూ ఉన్నవాడు. కత్తి పట్టలేదు, యాగాన్ని పొగిడి, వరం సంపాదించి, ఆపమని అడిగాడు. సీరియల్ రాసేవాళ్ళు ఈ ఘట్టాన్ని నెలకోసారి చదువుకోవడం మంచిది.

రామాయణంలోంచి ఇంకో సంగతి. అన్న చేసింది తప్పని విభీషణుడికి తెలుసు, కుంభకర్ణుడికీ తెలుసు. విభీషణుడు వెళ్ళిపోయాడు. కుంభకర్ణుడు మొహం మీదే తప్పని చెప్పి, అన్న పక్షానే యుద్ధానికి నడిచాడు. రోజూ నడిచే సీరియల్‌కి పనికొచ్చేవాడు కుంభకర్ణుడే. విభీషణుడు గడప దాటితే ఇంట్లో సీన్లు అయిపోతాయి. మనమ్మాయిని ఇల్లు దాటించకండి. హాస్టల్‌కి వెళ్ళిందా, వారంలో కథ చల్లారిపోతుంది.

[తెర: సెల్లార్ గోడ. వరద మరక.]

దయ్యానికి నియమాలు మూడు చాలు, మొదటి ఎపిసోడ్ కంటే ముందే కాగితం మీద ఉండాలి. ఒకటి: ఆ రోజు నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో అంతవరకే ఆమె రాగలదు, సెల్లారూ నాలుగు మెట్లూ. రెండు: వాన పడిన రాత్రి ఇంకో నాలుగు మెట్లు. మూడు: తన బిడ్డ పిలిస్తేనే గడప దాటుతుంది. బోరు మోటారు వేయడానికో, బండి తీయడానికో ఇంట్లో ప్రతివాళ్ళూ రోజూ కిందికి దిగక తప్పదు, కాబట్టి భయం దానంతటదే పుడుతుంది. జూన్ వస్తే పొడి సెల్లార్ కూడా అనుమానంగా కనిపిస్తుంది.

పాడయ్యేది ఎక్కడంటే, 180వ ఎపిసోడ్ ప్రాంతంలో ఎవరో ఒకరు "టెర్రస్ మీద జుట్టు విరబోసుకుని నిలబడితే ప్రోమోకి అదిరిపోతుంది" అంటారు. నిజమే, ఆ ప్రోమో అదురుతుంది. ఆ తర్వాత మెట్ల మీద ఎవరు నడిచినా భయం వేయదు. నియమాల కాగితం కో-డైరెక్టర్ ఫైల్లోనే ఉండాలి.

అమ్మాయి చేసే ప్రతి పనికీ ఒకరు నష్టపోవాలి, అదీ తప్పు చేయనివాళ్ళయితే మేలు. ఒక వారం ఉదాహరణ: సోమవారం ఆమె గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ తీసేస్తుంది, తల్లిని పిలుస్తూ. బుధవారం దయ్యం వస్తుంది. ఎదురుపడింది పెదనాన్న కాదు, పెద్దమ్మ, చిన్నప్పట్నుంచీ జడ వేసిన మనిషి. మెట్ల మీద జారిపడుతుంది. గురువారం ఆసుపత్రి. శనివారం అమ్మాయి గుమ్మడికాయ తెచ్చి మళ్ళీ తనే కడుతుంది, కింద నుంచి తల్లి చూస్తుండగా. ఒక వారం, రెండు ద్రోహాలు, ఒక గుమ్మడికాయ. ఖర్చు కూడా తక్కువే.

[తెర: సీన్ పేపర్ దగ్గరగా. రెండు రకాల డైలాగులు పక్కపక్కన.]

ఇక పశ్చాత్తాపం. ఎక్కువగా చెడిపోయేది ఈ సీనే. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది:

"నేను మహాపాపం చేశానమ్మా! ఆ పాపం పాతికేళ్ళుగా నన్ను దహించివేస్తోంది! ఈ పాపిష్టివాణ్ణి క్షమించు తల్లీ!"

ఇందులో ఏం చేశాడో లేదు. ఏం కోల్పోతాడో లేదు. పైగా అడిగినవెంటనే క్షమించేయాలన్న ఒత్తిడి ఉంది. ఇప్పుడు ఇది చూడండి. సెల్లార్ మెట్ల మీద పెద్దాయన, చేతిలో పాత తాళంచెవి.

"షట్టర్ గాలికి పడలేదమ్మా."

(4 సెకన్లు మౌనం. మ్యూజిక్ లేదు.)

"నేనే దించాను. లోపల లాంతరు వెలుగుతోంది."

(మౌనం.)

"చూశాను."

"నేనెక్కడున్నాను పెదనాన్నా అప్పుడు?"

"నా భుజం మీద."

అంతే. ఒక్క "చూశాను" కోసం 300 ఎపిసోడ్లు దాచాం. ఆయనకి తెలుసా, తెలియదా అన్న ప్రశ్నే అప్పటిదాకా కథని లాగింది. క్షమించు అన్న మాట ఆయన నోట రానివ్వకండి. మర్నాడు పొద్దున అదే తాళంచెవి తీసుకుని పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. శమీకుడు చేసినట్టు, ఫలితం లేకపోయినా చేయవలసింది చేయాలి.

డైలాగులు పొట్టిగా ఉండటానికి ఇంకో కారణం సెట్టులో ఉంది. సీరియల్ షూటింగుల్లో డైలాగు బట్టీపట్టే తీరిక ఉండదు. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ ఇస్తుంటే నటులు అందుకుంటారు, గొంతు తర్వాత డబ్బింగ్‌లో వస్తుంది. వాక్యం పొడుగైతే మధ్యలో తప్పుచోట ఆగుతారు, ఆ ఆగడం మొహంలో దొరికిపోతుంది. ఏడెనిమిది మాటలు దాటనివ్వకండి. మౌనాన్ని ఎవరూ ప్రాంప్ట్ చేయలేరు, కాబట్టి ఎన్ని సెకన్లో సీన్ పేపర్ మీదే రాయండి, "మ్యూజిక్ లేదు" అని కూడా. రాయకపోతే ఎడిటింగ్‌లో ఆ నాలుగు సెకన్లలో ఉరుము, మూడు జూములు, ఇంటిల్లిపాది రియాక్షన్లు వచ్చి కూర్చుంటాయి. అరగంట స్లాట్‌లో కథకి దక్కేది 20 నుంచి 22 నిమిషాలు. రియాక్షన్ షాట్లతో నింపడం తేలికే. ఈ ఒక్క సీన్‌ని వదిలేయండి.

[తెర: సెల్లార్ సెట్. నీళ్ళ మీద వెలుగు.]

సెల్లార్లో వరదకి ట్యాంకర్లు అక్కర్లేదు. నేల మీద నల్ల టార్పాలిన్, రెండు మూడు అంగుళాల నీళ్ళు, కెమెరా నీటికి ఆనుకున్నంత కిందికి. నీళ్ళలో లైటు నీడ పడితే మోకాలి లోతు అనిపిస్తుంది. లైట్ల కేబుళ్ళు మాత్రం నేల మీద పాకకూడదు, పైనుంచి రావాలి, లైన్‌కి ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. ఇది కళ గురించి కాదు, ప్రాణాల గురించి.

సీనంతా ఒకేసారి కనిపించే మాస్టర్ షాట్‌లో పొగ నిండుగా ఉండి క్లోజప్‌కి వచ్చేసరికి పలచబడుతుంది, రెండూ అతకవు. ప్రతి టేక్ ముందూ పొగ వదిలి, కాసేపు పరుచుకోనిచ్చి, అప్పుడు రోల్ చేయండి. దయ్యం కళ్ళకి లెన్సులు పెడితే నీళ్ళ సీన్‌కి ముందు తీసేయాలి, ఆ నీటితో కంటికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. దయ్యం మాయమవడానికి గ్రీన్ మ్యాట్ (వెనక ఆకుపచ్చ తెర పెట్టి తర్వాత తీసేయడం) వద్దు, తడి జుట్టు అంచులు శుభ్రంగా తెగవు. కెమెరా కదల్చకుండా ఖాళీ మెట్లు ఒకసారి, నటి నిలబడి ఒకసారి తీసి, ఒకదానిలోకి ఒకటి కరిగించండి. పాత పద్ధతే, ఇప్పటికీ భయం వేస్తుంది.

ఆషాఢంలో బోనాల ఎపిసోడ్లు ఛానల్ ఎలాగూ అడుగుతుంది. రంగం సీన్ పెట్టండి, పచ్చికుండ మీద నిలబడి పలికే భవిష్యవాణిని మించిన నాటకం ఏముంది. కానీ హంతకుడి పేరు అక్కడ చెప్పించకండి, పెద్దాయన నోటి నుంచి రావలసిన మాటని దోచుకున్నట్టవుతుంది. ఇంకో సంగతి, 1994 కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే కార్యక్రమాలు కూడదని ఉంది. దయ్యాన్ని చూపించండి, తాయెత్తుతో జబ్బు నయమైనట్టు మాత్రం చూపించొద్దు.

గురువారం రేటింగులు వస్తాయి. ఎవరో చచ్చిన వారం అంకె పెరుగుతుంది, వెంటనే ఇంకో చావు అడుగుతారు. ఈ కథలో పగ తీరాల్సింది పెద్దాయన ఒక్కడి మీదే, ఆయన్ని చంపితే దుకాణం మూసేయాలి. అందుకే అంకె కోసం ఇవ్వడానికి చిన్న సంఘటనలు ఓ పది విడిగా రాసి పెట్టుకోండి: వాన రాత్రి, కరెంటు పోవడం, తండ్రి తిరిగి రావడం, ఐదో మెట్టు మీద తడి పాదం.

ఇంకొకటి. సీరియల్ ఆపేయమని కబురు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక రెండు వారాలు దొరికితే గొప్ప. చివరి 12 ఎపిసోడ్లు మొదట్లోనే రాసి ఉండాలి. ఆఖరి సీన్‌లో షట్టర్ పైకి లేస్తుంది, పాతికేళ్ళ తర్వాత, ఎత్తేది ఆ అమ్మాయి. ఆ చప్పుడు అప్పటికప్పుడు దొరకదు. సెట్టులో షట్టర్‌కి ఒక్కసారి గ్రీజు పూశారంటే తుప్పు అరుపు పోతుంది. మొదటి రోజు షూటింగ్‌లోనే, ఫ్యాన్లన్నీ ఆపించి, కిందికి దించింది ఒకటి, పైకి లేపింది ఒకటి రికార్డ్ చేసి పెట్టుకోండి.

[తెర: నలుపు. ఇనుప షట్టర్ పైకి లేస్తున్న చప్పుడు.]