లామలేరా: పంపకాల మీద నిలబడ్డ ఊరు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

తీరప్రాంత జీవితం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మన తీరం గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవికి తూర్పున లెంబాటా అనే చిన్న దీవి ఉంది. దాని దక్షిణ తీరంలో, అగ్నిపర్వతం వాలు మీద ఉన్న ఊరు లామలేరా. జనాభా సుమారు రెండు వేలు. జిల్లా కేంద్రం లెవోలెబా మరీ దూరమేం కాదు. కానీ రోడ్డు ఎంత అధ్వాన్నంగా ఉండేదంటే, ట్రక్కులో కూర్చుంటే మూడు నాలుగు గంటలు పట్టేది.

ఈ ఊరి పేరు బయటి ప్రపంచానికి తెలిసింది ఒకే ఒక్క కారణంతో. వీళ్లు చెక్క పడవల్లో వెళ్లి స్పెర్మ్ తిమింగలాలను వేటాడతారు. పడవను 'తేనా' అంటారు. ఇనుప మేకు ఒక్కటి కూడా లేకుండా పలకలను చెక్క చీలలతో బిగించి కడతారు. ముందు కొసన వెదురుతో కట్టిన చిన్న వేదిక ఉంటుంది. దాని మీద నిలబడేవాడు 'లామఫా'. తిమింగలం దగ్గరికి రాగానే పొడుగాటి వెదురు బల్లెం పట్టుకుని, తన ఒంటి బరువంతా దాని మీద వేసి సముద్రంలోకి దూకుతాడు. బల్లెం దిగిందా, తాడు బుసబుసమంటూ పరుగెడుతుంది. దారిలో ఎవరి కాలైనా చిక్కుకుంటే అంతే సంగతులు. ఫోటోలు తీసేవాళ్లంతా ఈ దూకడం దగ్గరే ఆగిపోతారు. నాకు ఆసక్తి ఆ తర్వాత ఒడ్డు మీద జరిగేదాని మీద.

లామలేరా వాళ్లకు చెప్పుకోదగ్గ పొలాలు లేవు. తమ పూర్వీకులు సులవేసి దీవి వైపు నుంచి వచ్చారనీ, మధ్యలో ఉన్న దీవిని అల ముంచేస్తే ఇక్కడికి చేరారనీ, అప్పటికే ఇక్కడున్న వంశాలు జాగా ఇచ్చాయనీ వాళ్లు చెప్పుకుంటారు. అందుకే ఈనాటికీ ఆ భూస్వాముల వంశాలకు తిమింగలంలో వాటా వెళ్తుంది. వాటా వాళ్లకొక్కరికే కాదు. ఒడ్డుకు చేరిన తిమింగలాన్ని ఎక్కడ కొయ్యాలో, ఏ ముక్క ఎవరిదో ముందే నిర్ణయమై ఉంటుంది. లామఫాకు ఒక భాగం, తెడ్డు వేసినవాళ్లకు ఒక భాగం, పడవ కట్టిన వడ్రంగికి, బల్లెం మొన కొట్టిన కమ్మరికి, తెరచాప అల్లినవాళ్లకు, పడవ ఏ వంశానిదో ఆ ఇంటికి. అక్కడితో అయిపోలేదు. వాటా అందినవాళ్లు తమ ముక్కను మళ్లీ చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. వితంతువులూ ముసలివాళ్లూ ఈ రెండో పంపకంలో తింటారు.

తర్వాత పని ఆడవాళ్లది. మాంసం ఎండబెట్టి తలకెత్తుకుని, కొండ ఊళ్లకో వులందోని సంతకో నడుస్తారు. అక్కడ డబ్బు కంటే వస్తుమార్పిడే ఎక్కువ. కొలత పేరు 'ముంగా', అంటే ఆరు. ఎండు ముక్కకు బదులుగా మొక్కజొన్న కంకులో, అరటిపళ్లో ఆరేసి లెక్కన వస్తాయి. సముద్రం మీద మగవాళ్లు పడే కష్టం గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్లు, ఈ నడక గురించి రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఇంట్లోకి తిండిగింజలు వచ్చేది మాత్రం ఈ నడకతోనే.

పంపకాలకు అలవాటు పడ్డ ఊరు ఎలా ఉంటుందో చూపించే ప్రయోగం ఒకటి జరిగింది. ప్రపంచవ్యాప్తంగా పదిహేను చిన్న సమాజాల్లో పరిశోధకులు ఒక ఆట ఆడించారు. ఒకరికి కొంత సొమ్ము ఇస్తారు. అందులో ఎంతో కొంత అవతలివాడికి ఇస్తానని చెప్పాలి. వాడు ఒప్పుకుంటే ఇద్దరికీ దక్కుతుంది, కాదంటే ఎవరికీ లేదు. లామలేరాలో డబ్బు పెడితే జూదంలా కనిపిస్తుందని సిగరెట్ ప్యాకెట్లు పెట్టారు. 2001లో ఫలితాలు వచ్చాయి. పెరూ అడవుల్లోని ఒక తెగలో సగటున 26 శాతం ఇస్తామన్నారు. లామలేరా వాళ్లు సగటున 58 శాతం ఇస్తామన్నారు. సగం కంటే ఎక్కువ! పదిహేనింటిలోనూ అదే అందరికంటే ఎక్కువ. ఇదంతా మంచితనమని నేను అనను. ఒక్కడు పడితే తిమింగలం చిక్కదు, ఒక్కడు తింటే అది అయిపోదు. అలాంటి పనిలో లెక్క తేడా వస్తే రేపు పడవెక్కడానికి మనిషి దొరకడు.

ఇక ఈ ఊరి భవిష్యత్తు సంగతి. దాన్ని బాగుచేస్తామని, లేదా మారుస్తామని వచ్చినవాళ్లకు కొదవ లేదు. 1973లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, వేటను ఆధునికం చేద్దామని నార్వే నిపుణుణ్ణి పంపింది. కొన్నేళ్లకే ఆ పథకం మూతపడింది, ఊరు మళ్లీ తన తేనాలతోనే మిగిలింది. 2009లో ఈ ఊరి ముందున్న సవు సముద్రంలో సుమారు 35 లక్షల హెక్టార్ల సాగర జాతీయ ఉద్యానం ప్రకటించారు. ఊరు గట్టిగా ఎదురు తిరిగింది. చివరికి లామలేరా నీళ్లను అందులోంచి తప్పించారు. 2014లో మాంటా టేకు చేపలను పట్టడం దేశమంతటా నిషేధించారు. అది వీళ్ల కంచంలో మట్టి కొట్టినట్టే. అయినా ఈ ఒక్క విషయంలో నిషేధం పెట్టినవాళ్లదే న్యాయమనిపిస్తుంది నాకు. మాంటా ఒక కాన్పుకు ఒక్క పిల్లనే పెడుతుంది. పైగా దాని మొప్పలను చైనా మందుల వ్యాపారం కోసం కొనే దళారులు దిగాక, అది తిండి కోసం వేటగా మిగల్లేదు.

బయటివాళ్లు తెచ్చినవాటిలో నిజంగా ఊరిని మార్చింది బడి. జర్మన్ పాద్రీ బెర్నార్డ్ బోడె 1920లో వచ్చి స్థిరపడ్డాక క్రైస్తవంతో పాటు చదువూ పాతుకుంది. ఇండోనేషియా భాషకు వ్యాకరణం రాసిన గోరిస్ కెరాఫ్ ఈ ఊరివాడే. 1999 నుంచి 2001 దాకా దేశానికి పర్యావరణ మంత్రిగా చేసిన సోనీ కెరాఫ్ కూడా ఈ ఊరివాడే. తిమింగలాలను వేటాడే ఊరి నుంచి పర్యావరణ మంత్రి! ఇండోనేషియాలో తిమింగలాలకు చట్టపరమైన రక్షణ ఇచ్చిన నిబంధన వచ్చింది కూడా 1999లోనే. చదివినవాళ్లు టీచర్లుగా, పాద్రీలుగా, గుమాస్తాలుగా బయటికి వెళ్లిపోయారు. చదువు అబ్బనివాళ్లలో చాలామందికి ఈ దీవుల నుంచి మలేషియా తోటల్లో కూలికి వెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉంది. తెడ్డు వెయ్యడానికి కుర్రాళ్లు దొరకడం కష్టమైంది.

అసలు టెన్షన్ ఎక్కడుందని అడిగితే, నేను చట్టం వైపు చూపించను, వలల వైపు చూపిస్తాను. ఔట్‌బోర్డ్ ఇంజను పెట్టిన చిన్న పడవలు వచ్చాయి, వాటిని అక్కడ 'జోన్సన్' అంటారు. వాటితో రాత్రిపూట వలలు వదులుతారు. ఇంజను కొన్నవాడిదే పడవ, వల వేసినవాడిదే చేప. కమ్మరికీ తెరచాప అల్లినవాడికీ అందులో పాత్ర లేదు, కాబట్టి వాటా లేదు. తప్పు పట్టడానికి మనమెవరం? పిల్లల ఫీజు, పెట్రోలు, ఫోన్ రీఛార్జి, వీటిని ఎండు మాంసం ముక్కలతో కట్టలేరు కదా. 2015 నుంచి గ్రామ నిధి పేరుతో కేంద్రం నేరుగా ఊళ్లకు డబ్బు పంపుతోంది. దాంతో రోడ్డు వెయ్యొచ్చు, నీళ్లు తేవొచ్చు. వాటా లెక్కను మాత్రం ఊరే తేల్చుకోవాలి.

ఆ పని వాళ్లు చేస్తూనే ఉన్నారు. మే ఒకటిన ఒడ్డున ఉన్న చిన్న చర్చి దగ్గర ప్రార్థన చేసి వేట సీజన్ మొదలుపెడతారు. అంతకు ముందే ఒడ్డు మీద ఊరంతా కూర్చుని తగాదాలు తేల్చుకుంటారు, ఎందుకంటే మనసులో కక్ష పెట్టుకుని సముద్రం మీదికి వెళ్తే కీడని వాళ్ల నమ్మకం. ఇంజన్ల గొడవ కూడా ఊళ్లోనే నలిగింది. వాళ్లు కుదుర్చుకున్న రాజీ ఇది: జోన్సన్ తేనాను లాక్కెళ్లొచ్చు, కానీ తిమింగలం దగ్గరికి రాగానే తాడు వదిలెయ్యాలి. బల్లెం తేనా మీది నుంచే పడాలి. అప్పుడు పాత పంపకమే వర్తిస్తుంది. ఇంజను తెచ్చినవాడికి అందులో ఎంత భాగం, పెట్రోలు ఖర్చు ఎవరిది అన్నదే ఇక మిగిలిన పేచీ.

ప్రశ్నలుంటే అడగండి.